మిడతకి కుదురు దొరికింది

మా వదినని గుర్రపుశాలలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. మిడత అనేవాళ్ళు. గుర్రమెక్కితే ఆమె ఒంట్లో ఎక్కడో స్ప్రింగు దాచినట్టే ఉండేది మరి. అడ్డుకర్ర దగ్గరికి రాగానే కాళ్ళు పెట్టుకునే రికాబుల మీద లేచి, నడుం ముందుకు వంచి, గుర్రంతోపాటు తనూ గాల్లోకి ఎగిరేది. ఇంట్లోనూ అంతే. కుర్చీ అంచున కూర్చుని అన్నం తినేది, ఎవరో పిలిస్తే లేచి పోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. "అమ్మాయ్, కుర్చీ మొత్తం నీదే, వెనక్కి జరిగి కూర్చో" అనేది మా అమ్మ. వదిన నవ్వి ఇంత జరిగేది, మాటల్లో పడి మళ్ళీ అంచుకే వచ్చేది.

మా అన్నయ్యది వెల్డింగు షాపు. పెళ్ళికి ముందునుంచే వదిన గుర్రాల పోటీల్లో దూకేది, పెళ్ళయ్యాక మానెయ్యమని మా ఇంట్లో ఎవరూ అనలేదు. అమ్మ అయితే కోడలి పోటీ ఒక్కటి కూడా వదిలేది కాదు. వచ్చి ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకునేది. గుర్రం ఎగిరిన ప్రతిసారీ నా మోచెయ్యి గిల్లి "దిగిందా?" అని అడిగేది. దిగిందమ్మా అని నేను చెప్పి, ఆవిడ కళ్ళు తెరిచేలోపు ఇంకో కర్ర వచ్చేసేది. ఇన్నేళ్ళలో కోడలు దూకడం మా అమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. దేవుడికి మాత్రం ప్రతి దూకుడికీ విడివిడిగా దణ్ణం పెట్టింది.

నాది కుట్టుపని. శాలలో గుర్రాలకి కప్పే దుప్పట్లు, జీను కింద వేసే మెత్తలు నేనే కుడతాను. అందుకే పొద్దున్నపూట ఎక్కువగా అక్కడే ఉంటాను. గడ్డి గది అరుగు మీద కూర్చుని కుట్టుకుంటూ, ఈ కథంతా నా కళ్ళతో చూశాను.

వదిన గుర్రం పేరు బెల్లం. ఆ రంగుకి ఇంకో పేరు ఎవరికీ తోచలేదు. ఇద్దరూ కలిసి గెలిచిన కప్పులు శాల యజమాని గదిలో అలమర నిండా ఉన్నాయి. ఒకరోజు పొద్దున, నేల ఇంకా తడిగా ఉండగా, బెల్లం ఒక చిన్న కర్ర దాటి దిగడంలో ముందుకాలు జారింది. పెద్ద కర్రలు దాటినప్పుడు ఏమీ కాని కాలు చిన్నదానికి దొరికిపోయింది. గుర్రాల డాక్టరు వచ్చి కాలు చాలాసేపు నిమిరి చూసి, నరం దెబ్బతిందని, కట్టు విప్పాక నడవొచ్చు, పరిగెత్తొచ్చు, దూకడం మాత్రం ఈ జన్మకి అయిపోయిందని చెప్పాడు. చెప్పి వెంటనే వెళ్ళిపోకుండా, వదిన పక్కన కాసేపు ఊరికే నిలబడ్డాడు. అదొక మంచితనం. ఆయనకి ఇంకా చాలా చోట్లకి వెళ్ళాల్సిన పని ఉంది.

శాల యజమానిని మేమంతా పెద్దాయన అంటాం. చెడ్డమనిషి కాదు. పొద్దున్నే ప్రతి గుర్రం బకెట్లోనూ చెయ్యి పెట్టి నీళ్ళు మార్చారా లేదా అని తనే చూసుకుంటాడు. అయితే శాలలో గదులు తక్కువ, గుర్రాలు ఎక్కువ. పనిలేని గుర్రానికి రోజంతా గదిలో నిలబడటమే పెద్ద శిక్ష అంటాడు. ఎక్కడో దూరాన తోటలున్న ఒకాయన బండికి కట్టడానికి గుర్రం కావాలన్నాడట. బెల్లం కొలత తీసుకుని లారీ ప్రయాణానికి మందంగా ఒక దుప్పటి కుట్టమని పెద్దాయన నాతో చెప్పాడు.

నేను టేపు పట్టుకుని వెళ్ళేసరికి వదిన బెల్లం గదిలోనే ఉంది. టేపు చూసింది. నేనేమీ చెప్పకుండానే అంతా అర్థమైంది. తిన్నగా పెద్దాయన గదికి వెళ్ళింది, వెనకాలే నేనూ వెళ్ళాను.

"దూకకపోతే మానె, నడుస్తుంది కదా సార్. దీనికి డ్రెసాజ్ నేర్పిస్తాను" అంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దానికి నువ్వు నేర్పిస్తావు. నీకెవరు నేర్పిస్తారమ్మా?"

వదిన కదలకుండా అక్కడే నిలబడింది. చివరికి పెద్దాయనే దిగొచ్చాడు. చలికాలం చివర్లో పోటీ ఉంది, అందులో వందకి అరవై మార్కులు తెస్తే బెల్లాన్ని పిల్లలకి నేర్పే గుర్రంగా ఉంచుకుంటాను, రాకపోతే లారీ ఎక్కాల్సిందే అన్నాడు. దుప్పటి సంగతి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేను కొలత తీసుకున్నాను.

ఆ సాయంత్రం డ్రెసాజ్ అనే మాట మొదటిసారి మా ఇంట్లో వినపడింది. "డ్రెస్సా? గుర్రానికి కూడానా?" అని అమ్మ నావైపు జాలిగా చూసింది, ఆ కుట్టు కూడా నా నెత్తినే పడుతుందని. వదిన వివరంగా చెప్పింది. చదునైన నేల, చుట్టూ చీలమండ ఎత్తున తెల్లటి చెక్క కంచె. అందులో గుర్రం గుండ్రంగా తిరగాలి, మూలల్లో మలుపు తీసుకోవాలి, నడకలోంచి పరుగులోకి, పరుగులోంచి నడకలోకి రావాలి, చెప్పినచోట రాయిలా నిలబడాలి. ఆ చెప్పడం నోటితో కాదు, ఎక్కువగా పైన మనిషి కూర్చునే తీరుతోనే. చూసేవాళ్ళకి మాత్రం రౌతు ఏమీ చెయ్యనట్టే ఉండాలి.

"ఏమీ చెయ్యనట్టు కనపడటానికా ఇంత చదువు?" అంది అమ్మ.

"దీనికా, చదువు?" అన్నాడు అన్నయ్య. "కుర్చీలో కూడా సరిగ్గా కూర్చోదు."

అందరం నవ్వాం, వదిన కూడా. అసలు కష్టం అక్కడే ఉందని మాకెవరికీ అప్పుడు తెలియదు.

బెల్లం కాలి కట్టు విప్పేసరికి నేర్పడానికి ఒకావిడ దొరికింది. ఒకప్పుడు పోటీల్లో పేరున్న రౌతు, ఇప్పుడు మోకాలు వంగదు. చేతికర్ర, మడత స్టూలు పట్టుకుని బస్సులో వచ్చేది. అందరం టీచరమ్మ అనేవాళ్ళం. ఆ స్టూలు మీద ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. నేర్చుకునేవాళ్ళు గుర్రం మీద నానా అవస్థా పడుతుంటే తను కూర్చోవడం బాగుండదనేది.

మొదటిరోజే దూకుళ్ళ జీను తీయించి, లోతుగా ఉండే జీను వేయించింది. రికాబులు పొడుగు చేయించి, ఆ తర్వాత అవీ తీసేయించింది. పగ్గాలు ముడేసి గుర్రం మెడ మీద పెట్టించింది. పొడుగాటి తాడు ఒక కొస బెల్లానికి కట్టి, రెండో కొస తను పట్టుకుని మధ్యలో నిలబడింది. బెల్లం చుట్టూ తిరగాలి, వదిన పట్టుకోవడానికి ఏమీ లేకుండా కూర్చోవాలి. అంతే పాఠం.

"కుదురుగా కూర్చో" అంది టీచరమ్మ.

ఆ మాట వింటే మాలాంటివాళ్ళకి ఒకటే గుర్తొస్తుంది. మా ఊరి బడిలో పంతులుగారు కుదురుగా కూర్చోమన్నారంటే చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెప్ప కూడా వెయ్యకుండా ఉండాలి. వదిన చదివిందీ అలాంటి బడిలోనే. అచ్చం అలాగే చేసింది. వీపు కర్రలా నిలబెట్టింది, తొడలు బిగించింది, ఊపిరి ఆపింది. బెల్లం నడిచినంతసేపూ బాగానే ఉంది. నడకకీ పరుగుకీ మధ్య ట్రాట్ అని ఒకటుంది, అందులో గుర్రం వీపు అడుగడుక్కీ ఎగరేస్తుంది. బెల్లం అందులోకి రాగానే వదిన ఎడ్లబండిలో ఖాళీ రేకుపెట్టెలా ఎగిరెగిరి పడింది. ఎంత ఎగిరితే అంత బిగుసుకుంది, ఎంత బిగుసుకుంటే అంత ఎగిరింది. పాపం బెల్లం వీపు కిందికి కుంగిపోయింది, తల పైకి లేచింది.

"కదలకుండానే ఉన్నాను కదా టీచర్" అంది వదిన రొప్పుతూ.

"అదే గోల" అంది టీచరమ్మ.

దూకేవాళ్ళలో ఈల అని ఒకతను ఉన్నాడు, ఎప్పుడూ ఈలపాటే. అతను కంచె దగ్గర నిలబడి, మిడతని సీసాలో పెట్టి మూత బిగించేశారన్నాడు. అందరూ నవ్వారు. కానీ బెల్లానికి రంగు కర్రలు కనపడితే కాళ్ళు ఆగవని అతనికి తెలుసు. రోజూ వీళ్ళు రాకముందే ఆ కర్రలన్నీ ఒక్కటొక్కటిగా మోసి వెనక ఆవరణలో పెట్టి వచ్చేవాడు. ఎవరికీ చెప్పలేదు. అరుగు మీదున్నదాన్ని కాబట్టి నాకు కనపడింది.

కొన్నాళ్ళకి పగ్గాలూ రికాబులూ తిరిగి ఇచ్చారు. తెల్లకంచె మధ్యలో బెల్లం ఒక మూలనుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా పరుగున వస్తోంది. ఎదురుగా కంచె కనపడింది. బెల్లం చెవులు నిక్కాయి. అంతే, ఇన్నేళ్ళ అలవాటు వదిన ఒంట్లోంచి తనంతట తను లేచింది. నడుం ముందుకి, బరువు రికాబుల మీదికి. చీలమండ ఎత్తు కంచెని బెల్లం ఏదో కోటగోడ దాటినంత గొప్పగా దాటి, టీచరమ్మ మడత స్టూలు పక్కన దిగి, మెచ్చుకోండి అన్నట్టు నిలబడింది.

ముందు అందరం కాలే చూశాం. దేవుడి దయవల్ల కాలికి ఏమీ కాలేదు. తర్వాత టీచరమ్మ నెమ్మదిగా చెప్పింది, పోటీలో గుర్రం కంచె దాటి బయటికి పోతే ఇక మార్కులే ఉండవని, అక్కడితో పంపేస్తారని. బెల్లాన్ని తిట్టకండి అని వదిన అడిగింది.

"దాన్నెందుకు తిడతాను? నువ్వు లేచావు, అది విన్నది. నీ మాట విన్నందుకు దాన్ని తిడతారా ఎవరైనా?"

ఆరోజు వదిన ఇంటికొచ్చి మంచం అంచున కూర్చుంది. నేను మందు రాస్తుంటే అంది: "చిన్నీ, దాన్ని లారీ ఎక్కించేది పెద్దాయన కాదు. నేనే."

నడుముకి మందు రాస్తూ లోపల దేవుణ్ణి తలుచుకున్నాను. ఆ సమయానికే వంటింట్లో ఢబ్బుమని చప్పుడైంది.

సంగతేమిటంటే, మా అమ్మకి గుండ్రటి అడుగున్న మట్టికుండలో నీళ్ళయితేనే దాహం తీరుతుంది. ఆ కుండ దొర్లిపోకుండా కింద గడ్డితో పేనిన చుట్ట ఒకటి పెడుతుంది. దాన్నే కుదురు అంటాం. గడ్డి కుదురు ఏడాదికి పాడవుతుందని, అమ్మకి శ్రమ తగ్గించాలని, అన్నయ్య షాపులో ఇనుముతో ఒక కుదురు చేసి, నున్నగా అరగదీసి, నీలం రంగు వేసి తెచ్చాడు. పని చూస్తే ముచ్చటేసేలా ఉంది. పొద్దున్నుంచీ కుండ దానిమీద గ్లాసు ముంచినప్పుడల్లా కీచుమంటూనే ఉందట. సాయంత్రం అన్నయ్య బిందెతో నీళ్ళు తెచ్చి నిండా పోసేసరికి ఇనుము తగిలినచోట కుండ చీలిపోయింది.

మేం వెళ్ళేసరికి వంటిల్లంతా చెరువు. అన్నయ్య తలవంచుకుని నిలబడ్డాడు. అమ్మ తిట్టలేదు, ఆ ఇనుప చుట్టని తుడిచి జాగ్రత్తగా గోడకి ఆనించింది. "నీ చేతిపని గట్టిదిరా. కుదురు గట్టిగా ఉండకూడదు, అంతే" అని, అటక మీదున్న ఇంకో కుండ దింపి, పాత గడ్డి కుదురు మీద పెట్టి, రెండు చేతులతో కొంచెం తిప్పింది. కుండ అటూ ఇటూ ఊగి, ఒద్దికగా నిలబడింది.

వదిన నేల తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే చూస్తోంది. "అత్తయ్యా, ఇంకోసారి పెట్టండి" అంది.

అమ్మ వింతగా చూసి, కుండ ఎత్తి మళ్ళీ పెట్టింది. వదిన కింద కూర్చుని కుదురు మీద వేలు పెట్టింది. "ఇది కదులుతోంది" అంది.

"కదలకపోతే కుండ నిలుస్తుందా అమ్మాయ్? కుండ ఎటు వాలితే అటు ఇస్తుంది. కింద నేలని మాత్రం వదలదు."

వదిన అటక ఎక్కి ఇంకో గడ్డి కుదురు దింపింది. పొడిగా ఉన్న మూలన వేసి, దానిమీద కూర్చుంది. కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊగుతోంది. ఒంట్లో ఎక్కడ బిగిస్తే ఎక్కడ తేలిపోతోందో, ఎక్కడ వదిలితే ఎక్కడ ఆనుతోందో చూసుకుంటోంది. బిందె పెట్టడానికి వెళ్ళి తిరిగొచ్చిన అన్నయ్య గుమ్మంలో ఆగిపోయాడు. "ఏంటి, కుండ పగిలిందని నిన్ను పెట్టారా?" అన్నాడు. వదిన కళ్ళు తెరవకుండానే నవ్వింది. ఆ నవ్వు చూసి నా మనసు తేలికైంది.

మర్నాడు పాఠంలో టీచరమ్మ తాడు పట్టుకుంది, బెల్లం ట్రాట్‌లోకి వచ్చింది. వదిన ఊపిరి వదిలింది. తొడలు తడిబట్ట ఆరేసినట్టు వేలాడాయి. నడుం బెల్లం వీపు లేచినప్పుడు లేస్తూ, దిగినప్పుడు దిగుతూ ఉంది. ఎక్కువసేపు కాదు, సగం చుట్టు. ఆ సగం చుట్టులో జీనుకీ మనిషికీ మధ్య చప్పుడు లేదు. తర్వాత మళ్ళీ రేకుపెట్టె మొదలైంది. కానీ ఆ సగం చుట్టుకే బెల్లం తల దించి, ముక్కుతో బుర్రుమని, చాన్నాళ్ళ తర్వాత హాయిగా ఊపిరి వదిలింది. టీచరమ్మ తాడు ఆపి ఏం చేశావని అడిగింది. వదిన కుండ సంగతంతా చెప్పింది. ఆవిడ శ్రద్ధగా విని, మీ అత్తగారిని నేనొకసారి చూడాలి అంది.

ఆపైన నెలల తరబడి అదే పని. సగం చుట్టు ఒక చుట్టు అయింది, చుట్టు పూట అయింది. చేతులు చాపి, కళ్ళు మూసుకుని, ఇప్పుడు వెనక కాళ్ళలో ఏది నేల తాకిందో చెప్పమనేది టీచరమ్మ. వదిన చెప్పేది, తప్పు చెప్పేది, మళ్ళీ చెప్పేది. ఊపిరి వదిలి నడుము ఆపితే బెల్లం ఆగుతుందని తెలిసిననాడు ఇంటికొచ్చి అమ్మకి గదిలో నడిచి చూపించింది. రాత్రుళ్ళు అన్నయ్య వేడినీళ్ళ సంచి నడుం కింద సర్దేవాడు. చలి పొద్దుల్లో గుర్రాలు చూసుకునే తాత కళ్ళెం ఇనుము తన అరచేతుల మధ్య రుద్ది వెచ్చబరిచి గాని బెల్లం నోట పెట్టేవాడు కాదు. ఇంతమంది చేతులు పడ్డాయి ఆ పని మీద.

నేను దుప్పటి కుట్టడం పూర్తిచేశాను, తాళ్ళు తప్ప. తాళ్ళు లేనిదే దుప్పటి గుర్రం మీద నిలవదు. పెద్దాయన ఒకసారి అయిందా అని అడిగితే, తాళ్ళు కుట్టాలండీ అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. రోజూ పొద్దున్నే దీపం ముందు నిలబడి, ఆ తాళ్ళు లారీ కోసం నా చేత కుట్టించకు స్వామీ అని మాత్రం వేడుకునేదాన్ని.

పోటీ రోజు తెల్లారేసరికి వాన పడి వెలిసింది. మైదానంలో ఒకవైపు తెల్లకంచె, దాని పక్కనే దూకుళ్ళ పోటీకి రంగు కర్రలు పేరుస్తున్నారు. వాటిని దాచడం అక్కడ ఈల చేతిలో పని కాదు. అయినా వెళ్ళి అడిగి చూశాడు. కుదరదన్నారు. తిరిగొచ్చి మా వెనక నిలబడ్డాడు, ఈల లేకుండా. పెద్దాయన రేకుల పందిరి కింద చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. అమ్మ అలవాటు ప్రకారం ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకోబోయింది. "ఇందులో ఎగరడాలు లేవమ్మా" అన్నాను. "ఉండవని నువ్వంటావు" అని ఒక కన్ను తెరిచి ఉంచింది.

వదిన లోపలికొచ్చింది. మధ్యలో బెల్లం నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలబడింది. వదిన తల వంచి నమస్కరించి పగ్గాలు సర్దుకుని మొదలుపెట్టింది. గుండ్రాలు గుండ్రంగానే వచ్చాయి. ట్రాట్‌లో ఆమె ఒళ్ళు చూస్తే గుర్రంలోంచే మొలిచినట్టుంది. అమ్మ రెండో కన్ను కూడా తెరిచింది.

ఆ తర్వాత ఏటవాలు పరుగు. బెల్లం మూలనుంచి మూలకి వస్తోంది, ఎదురుగా తెల్లకంచె. సరిగ్గా అప్పుడే పక్కన కర్రలు పేరుస్తున్నవాళ్ళలో ఎవరి చేతిలోంచో కర్ర జారి టక్కుమని పడింది. బెల్లానికి ఆ చప్పుడు పుట్టింటి పిలుపులాంటిది. చెవులు నిక్కాయి, మెడ లేచింది, వెనక కాళ్ళు ఒంటికిందికి కూడదీసుకుంది. ఎగరబోయే ముందు అది ఎలా ముడుచుకుంటుందో నాకు తెలుసు. టీచరమ్మ చేతికర్ర నేలమీంచి లేచి గాల్లోనే ఉండిపోయింది.

వదిన లేవలేదు. ఆమె భుజాలు దిగడం కనపడింది నాకు, ఊపిరి మొత్తం వదిలేసినట్టు. అమ్మ చేతికింద కుండ చిన్నగా తిరిగి కూర్చున్నట్టు కూర్చుంది. బెల్లం అడుగు పొట్టిదైంది. ఒక చెవి వెనక్కి, ఆమె వైపు తిరిగింది. ఎగురుదామా అని అది అడిగినట్టూ, ఇక్కడే ఉందాం అని ఈమె చెప్పినట్టూ ఉంది. కంచె ఇంకాస్త దూరంలో ఉందనగా బెల్లం మెత్తగా మలుపు తీసుకుని మూల వెంట వెళ్ళిపోయింది.

చేతికర్ర కిందికి దిగింది. నా వెనక ఈల చిన్నగా మొదలైంది.

చివర్లో బెల్లం మళ్ళీ మధ్యలో నిలబడింది, తోక కూడా కదపకుండా. వదిన నమస్కరించి, పగ్గాలు వదులుచేసి, దాని మెడమీద వాలిపోయింది. అప్పుడు ముందుకి వాలినా ఎవరూ తప్పుపట్టరు.

మైకులో మార్కులు చెప్పారు. వందకి అరవై ఎనిమిది. మొత్తంమీద రెండో స్థానం. రౌతు కూర్చునే తీరుకి విడిగా ఒక మార్కు ఉంటుంది, అందులో ఆరోజు వచ్చినవాళ్ళందరికన్నా మా వదినకే ఎక్కువ. అన్నయ్య చప్పట్లు కొట్టడం ఆపలేదు, మైకులో తర్వాతి పేరు చదువుతున్నా సరే. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మొత్తం చూశానే" అంది. ఆ మాట పదిమందికి చెప్పింది.

పెద్దాయన బెల్లం దగ్గరికి వచ్చాడు. ముందు బకెట్లో చెయ్యి పెట్టి నీళ్ళు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఆ దుప్పటికి తాళ్ళు కుట్టెయ్యమ్మా."

వదిన బెల్లం మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"రాత్రుళ్ళు ఇంకా చలిగానే ఉంటోంది. దాని గదిలోకి గాలి ఎక్కువ కొడుతుంది" అన్నాడు, బెల్లం నుదురు రాస్తూ. కళ్ళజోడు మళ్ళీ తుడుచుకోవలసి వచ్చింది ఆయనకి.

ఇక మిడత అని పిలవకూడదేమో అన్నాడు ఈల, కొంచెం బాధగానే. టీచరమ్మ ఒప్పుకోలేదు. "ఎందుకు పిలవకూడదు? గడ్డిపోచ మీద మిడతని ఎప్పుడైనా చూశావా? అంత కుదురుగా కూర్చుంటుంది కాబట్టే అంత ఎత్తు ఎగురుతుంది" అని, మొట్టమొదటిసారి తన మడత స్టూలు విప్పుకుని దానిమీద కూర్చుంది.

ఇప్పుడు బెల్లం మీద చిన్నపిల్లలు నేర్చుకుంటున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళని కుదురుగా కూర్చోమంటే అందరూ ఒకలాగే ఊపిరి బిగబడతారు. వదిన నవ్వి, ముందు వాళ్ళని గుర్రం దించి, గడ్డి చుట్టల మీద కూర్చోబెడుతుంది. ఆ చుట్టలన్నీ అమ్మ పేనినవే. శాలకి పంపేటప్పుడు ఒక్కోదాన్నీ నేలమీద పెట్టి, తను కూర్చుని చూసి గాని పంపదు.

ఆ పోటీనాటి సాయంత్రమే నేను దుప్పటికి తాళ్ళు కుట్టాను. చూపు ఆనక తడుముకుంటుంటే సూదిలో దారం వదిన ఎక్కించి ఇచ్చింది. తర్వాత అన్నాల దగ్గర కుర్చీ నిండా, వెనక్కి ఆనుకుని కూర్చుంది. అమ్మ అది చూసి, ఆమె కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.